చివరి వయల్‌కి రెండో సంతకం

"రేపట్నుంచి నువ్వు స్టూడెంట్‌వి," అన్నాడు బాస్. "కమ్యూనిటీ కాలేజీలో బయోటెక్నాలజీ. ఆరు వారాల జాబ్ ట్రైనింగ్."

ఏజెంట్ సెవెంటీన్ నవ్వాడు. బాస్ నవ్వలేదు.

విషయం సీరియస్. పసిపిల్లల్ని పొట్టన పెట్టుకుంటున్న ఓ జ్వరానికి దేశంలో తయారయ్యే టీకా అంతా ఒకే సీడ్ నుంచి, అంటే ఒకే మూల క్రిమి నుంచి వస్తుంది. ఆ సీడ్‌లో ఇప్పుడు మిగిలింది చిటికెన వేలంత బుల్లి సీసా, వయల్, ఒక్కటే. టీకా ఫ్యాక్టరీలో, లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులో గడ్డకట్టి ఉంది. ఆరో వారం శుక్రవారం దాన్ని తీసి, కరిగించి, కొత్త స్టాక్ పెంచాలి. ట్రైనీల ఫైనల్ పరీక్ష కూడా ఆ పని మీదే. సరిగ్గా అప్పుడే అసలు వయల్ కాజేసి, నకిలీది పెట్టాలని ఓ విదేశీ ముఠా కాచుకుని ఉంది.

"ముఠాలో మన మనిషి ఒకరున్నారు," అన్నాడు బాస్. "కోడ్ వర్డ్, 'ఈరోజు చలి తక్కువే.' అది ఎవరంటే వాళ్లు చెప్పినట్టు చెయ్యి."

ఆ ఆరు వారాలూ సెవెంటీన్‌కి మూడు చెరువుల నీళ్లు తాగించాయి. కదిలే రైలు మీంచి దూకిన మొనగాడు పిపెట్‌తో ఒక్క చుక్క సరిగ్గా పట్టలేకపోయాడు. స్టెరైల్ రూమ్‌లో ముక్కు గోక్కుని రెండుసార్లు బయటికి గెంటించుకున్నాడు. చొక్కా గుండీలో పెట్టుకున్న కెమెరా ఉందా, పైన గౌను తొడిగితే దానికి చీకటి తప్ప ఏం కనిపిస్తుంది!

ట్రైనింగ్‌లో అతని పార్ట్‌నర్‌కి నలభై రెండేళ్లు. పదిహేనేళ్లు బట్టలు కుట్టి, కొట్టు మూతపడ్డాక కాలేజీలో చేరింది. బ్యాచ్ అంతా ఆమెని టైలరక్క అనేవారు. ఇద్దరు ఆడపిల్లలు, సంపాదించేది తనొక్కతే. పాసైతే ఇదే ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఫెయిలైతే ఈ వయసులో ఇంకో అవకాశం ఎవరూ ఇవ్వరని ఆమె అతనితో ఎన్నోసార్లు అంది.

శుక్రవారం ఉదయం క్లీన్ రూమ్‌లో ముగ్గురే ఉన్నారు. మూడో మనిషి పరీక్ష పెట్టడానికి బయటి నుంచి వచ్చిన అసెస్సర్ మేడమ్. తల నుంచి కాళ్ల దాకా తెల్ల గౌను, మాస్కు. కనిపించేవి కళ్లు మాత్రమే, సెవెంటీన్ మతి పోవడానికి అవే చాలు.

అక్కడి రూల్ ఒకటే. పనికి ఒక సంతకం, దాన్ని కళ్లారా చూసినవాళ్లది రెండో సంతకం. ట్యాబ్‌లో రెండూ పడితేనే స్టెప్ పూర్తయినట్టు, బయటికి పోయే ఎయిర్‌లాక్ తలుపు తెరుచుకునేదీ అప్పుడే.

"ఈరోజు చలి తక్కువే," అంది మేడమ్.

అమ్మయ్య, మన మనిషే! సెవెంటీన్ ఊపిరి పీల్చుకున్నాడు. టైం లేదంటూ మేడమే వాళ్లకి వీపు పెట్టి ట్యాంకులోంచి వయల్ తీసింది. ఇటు తిరిగి నంబర్ చదివి, మంచు కప్పిన ఆ వయల్‌ని గోరువెచ్చటి నీళ్ల తొట్టి పక్కన పెట్టింది. సెవెంటీన్ ఆ పని తానే చేసినట్టు టకీమని మొదటి సంతకం పెట్టేశాడు.

అక్క పెట్టలేదు.

"నంబర్ నేను చూడలేదు మేడమ్."

ఆలస్యమైతే ఫెయిల్ చేస్తానని మేడమ్ మెత్తగానే చెప్పింది. అక్కకి ఇంట్లో పిల్లలు కళ్ల ముందు మెదిలారు.

"పెట్టెయ్యక్కా, నేను చూశాన్లే," అని గొణిగాడు సెవెంటీన్.

"నువ్వూ చూడలేదు తమ్ముడూ."

అక్క ఆల్కహాల్ వైప్ తీసి వయల్ మీది మంచు తుడిచింది. నంబర్ కరెక్టే. కానీ సగం వయల్ మీద ఉంది, సగం వైప్‌కి అంటుకుంది. ఫ్యాక్టరీ లేబుల్ మీది సిరా ఆల్కహాల్‌కి చెదరదని వాళ్లకి మొదటి వారమే నేర్పారు.

అంటే ఇది నకిలీది. మేడమ్ నమ్మకంగా పనిచేస్తున్నది ముఠాకే. తాను పప్పులో కాలేశానని సెవెంటీన్‌కి అప్పటికి తెలిసొచ్చింది.

మేడమ్ గౌను లోంచి స్టీలు కేసు తీసి, మూత విప్పి, ఆ నీళ్ల తొట్టి మీద వంచి పట్టుకుంది. లోపల అసలు వయల్. కేసు మీది మీటరులో యాభై సెకన్లు. అవి అయిపోతే చలి దిగిపోతుంది, పద్ధతి లేకుండా కరిగి సీడ్ చచ్చిపోతుంది.

"సంతకం పెట్టి తలుపు తెరిపించు. లేదంటే దీని మూత తీసి నీళ్లలో కలిపేస్తా."

నలభై. ముప్ఫై. అక్క ట్యాబ్ వైపు చెయ్యి చాపింది. చాపిన చెయ్యి దారిలోనే పక్కనున్న నైట్రోజన్ ఫ్లాస్క్‌ని తొట్టిలోకి ఒంపేసింది. భుస్సుమని తెల్లటి పొగ గదంతా కమ్మేసింది. సెవెంటీన్ ఆ పొగలోకే దూకి మేడమ్ మణికట్టు ఒడిసిపట్టి, కేసు లాగి అక్కకిచ్చాడు. దళసరి గ్లవ్స్ చేతుల్తో అక్క వయల్‌ని ట్యాంకులోకి దించేసరికి మీటరులో మిగిలింది ఒక్క సెకను.

అప్పుడు అక్క నేల మీద కూలబడి ఏడ్చేసింది.

"నా పరీక్ష పోయింది తమ్ముడూ. నన్ను చూసిన అసెస్సర్ ఈవిడొక్కతే."

బయట కాపు కాస్తున్న బాస్ వచ్చి మేడమ్‌కి బేడీలు వేశాడు. మేడమ్ దగ్గర బోలెడు కాగితాలు దొరికాయి. అన్నీ దొంగవే, అసెస్సర్ లైసెన్స్ తప్ప. ఆమె ఒక్క క్షణం అక్క వైపు చూసి, మార్కుల షీట్లు అడిగి, బేడీల చేతుల్తోనే నింపింది. టైలరక్క: పాస్, వందకి వంద. సెవెంటీన్: ఫెయిల్, చూడకుండా సంతకం చేశాడు.

బాస్ షీట్లు రెండుసార్లు చదివి నిట్టూర్చాడు.

"ఏం చేస్తాం! మన డిపార్ట్‌మెంట్‌లో ఇన్నాళ్లూ రిపోర్టు సరిగ్గా రాసింది ఈ మేడమొక్కతే."