వాచ్‌మన్ చూడని గది

మంగళవారం ఉదయం పదిన్నరకు బాస్ గదిలో గోడ మీదికి మూడో ఫొటో ఎక్కింది. వారం కిందట పరాయి దేశపు బస్టాపులో శత్రువులు కాల్చి చంపిన మూడో నంబరు ఏజెంటు ఫొటో అది. అంతకుముందు మంగళవారం రెండో నంబరు, ఆ ముందు మంగళవారం ఒకటో నంబరు. ఎవరో జాబితా చేత పట్టుకుని, తీరిగ్గా టిక్కులు పెట్టుకుంటూ వస్తున్నారు.

బాస్ ఎదురుగా కూర్చున్నవాణ్ని డిపార్ట్‌మెంటంతా డబుల్‌చెక్ అంటుంది. తాళం వేశాక రెండుసార్లు లాగి చూడందే గుమ్మం దిగడు. ఆ అలవాటు అక్క నేర్పింది. కంటితో చూసింది నమ్మకురా, చేత్తో లాగి చూడు అంటూ చిన్నప్పుడు వీపు మీద ఒకటిచ్చి మరీ నేర్పింది. ఆ అక్కే ఇప్పుడు సరిహద్దు అవతల టైలరింగ్ షాపు వేషంలో ఉంది. జాబితాలో ఆమెది నాలుగో నంబరు.

"ఇవాళ పన్నెండింటికి మీ అక్క వంతు," అన్నాడు బాస్. మెత్తగా చెప్పడం ఆయనకు చేతకాదు.

తర్వాత బ్రీఫింగ్. పేర్లు పోతున్నది తమ సొంత సర్వర్ నుంచే. ప్రతి మంగళవారం సరిగ్గా పన్నెండింటికి ఒక్కో పేరు అప్‌డేట్ వేషం కట్టి గడప దాటుతోంది. పోయినవారం వైరు పీకి చూస్తే, అది శాటిలైట్ లైను పట్టుకుని వెళ్ళిపోయింది. మెషీనే ఆపేద్దామంటే బయట మిగిలిన తొమ్మిది మందికీ ఉన్న ఒక్క ఆధారమూ తెగిపోతుంది. అక్కకు కబురు పెట్టే వీలు లేదు. ఆమె రేడియో తెరిచేది వారానికొక్కసారి, మంగళవారం సాయంత్రం ఆరింటికే. ఇక సర్వర్‌ని కాపాడాల్సిన మెయిన్ యాంటీవైరస్ ఉంది చూశారూ, ఆఫీసులో ముద్దుగా వాచ్‌మన్ అంటారు దాన్ని, అది మూడు వారాలుగా పచ్చ టిక్కు పెట్టి "మీ సిస్టమ్ సురక్షితం" అంటూ కూర్చుంది.

"వాచ్‌మన్ మాట నాకొద్దు. నీ రెండో కన్ను ఏమంటుందో చూడు. లోపలి దొంగ ఎవరో తెలీదు, అందుకని నువ్వు నువ్వుగా వెళ్ళకు. పనైతే 'జ్వరం తగ్గింది' అను."

"తగ్గకపోతే?"

"మా దగ్గరున్న మీ అక్క ఫొటో బాగా పాతది," అన్నాడు బాస్.

రెండో కన్ను డబుల్‌చెక్ సొంతంగా రాసుకున్న స్కానర్. వాచ్‌మన్‌లా పగలూ రాత్రీ గుమ్మంలో కూర్చోదు. పిలిస్తే వస్తుంది, ఇల్లంతా వెతుకుతుంది, చూసింది చెప్పి తన దారిన పోతుంది. ఒక డాక్టరు అంతా బాగుందన్నాక ఇంకో డాక్టరుకి చూపించుకోవడం లాంటిదన్నమాట.

పదకొండున్నరకు ఒక ఏసీ మెకానిక్ సర్వర్ రూంలోకి వెళ్ళాడు. అంటించిన మీసం, నూనె మరకల చొక్కా, చేతిలో స్క్రూడ్రైవరు, దాని పిడిలో పెన్‌డ్రైవ్. రెండు వరసల ర్యాకుల వెనక మూలన టెర్మినల్ ఉంది. పెన్‌డ్రైవ్ గుచ్చి, సర్వర్‌లో తన ఫోల్డర్‌లో పడుకున్న రెండో కన్నును లేపాడు. పావుగంట వెతికి అది ఒక్క ముక్క చెప్పింది: ముప్పు ఏదీ లేదు.

ఉన్న ఇద్దరు సాక్షులూ ఒకే మాట మీద నిలబడితే ఇక అడిగేదెవర్ని? అక్క ఈపాటికి ఎవరి చొక్కాకో గుండీలు కుడుతూ ఉంటుంది. ఆమె బతకదని డబుల్‌చెక్‌కి తేలిపోయింది. ఏడుపొచ్చింది గానీ, మీసం ఊడుతుందని ఆపుకున్నాడు.

అంతలో తలుపు తెరుచుకుంది. అతను చప్పున ఏసీ దగ్గరికి జరిగాడు. ముందు వాసన వచ్చింది, వెనకాల మనిషి వచ్చింది. యాంటీవైరస్ కంపెనీ పంపిన ఇంజనీరు ఆవిడ. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర గోళ్ళు, తేనె పూసిన మాట. ఆఫీసులో అందరూ సెంటు మేడం అంటారు. మంగళవారం అప్‌డేట్ దగ్గరుండి చూసుకోవడం ఆవిడ డ్యూటీ.

"ఇంకా ఎంతసేపయ్యా? నీ పనీ నా పనీ ఒకేసారి కుదరవు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు కదా," అంది నవ్వుతూ.

ఏసీ వైపు తిరిగి ఉన్న డబుల్‌చెక్ చెయ్యి ఆగిపోయింది. ఆ సామెత ఇదే నోట ఇదివరకు విన్నాడు. నెల కిందట వాచ్‌మన్ అతని స్కానర్‌నే దొంగనుకుని పట్టుకుంది. దొంగల్ని పోల్చుకునే ఆనవాళ్ళన్నీ స్కానర్ సంచిలోనే ఉంటాయి మరి. అప్పుడు ఈవిడే వచ్చి, ఒకటే ఒర, రెండు కత్తులు అని నవ్వి, స్కానర్ ఫోల్డర్‌ని మినహాయింపుల జాబితాలో పెట్టేస్తే వాచ్‌మన్ అటు తొంగిచూడదని సలహా ఇచ్చింది. ఆ నవ్వుకి పడిపోయి సంతకం పెట్టాడు. జీవితంలో లాగి చూడని తాళం అదొక్కటే.

రెండో కన్ను కూడా తన గది, అంటే ఆ ఫోల్డర్, తాను వెతుక్కోదు. అలా రాసింది అతనే. ఇద్దరు కాపలాదార్లూ చూడని గది ఇంట్లో ఒక్కటే ఉంది. ఆ ముగ్గురూ చచ్చింది ఆ గది వల్ల, దాని తలుపు తీసిపెట్టింది తను.

పదకొండు యాభై మూడు.

స్క్రూడ్రైవరుతో ఏసీ గొట్టం ఒకటి ఊడదీశాడు. బుస్సుమంది.

"గ్యాస్ లీకవుతోంది మేడం, బయటికెళ్ళండి."

ఆవిడ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, గడియారం చూసుకుంటూ బయటికి నడిచింది. అతను లోపల గడియ వేసి, అలవాటు కొద్దీ తలుపు రెండుసార్లు లాగాడు. తలుపు అద్దం అవతల ఆవిడ నవ్వు అక్కడే ఆగిపోయింది. మీసం ఎంతమందిని మోసం చేస్తే ఏం లాభం, చెయ్యి పట్టించేసింది.

ఆవిడ కార్డు గీకింది. గడియ కదల్లేదు. అద్దానికి దగ్గరగా వచ్చి మెల్లగా అంది: "డబుల్‌చెక్ గారూ, ఆలోచించుకోండి. ఆ మినహాయింపు కింద సంతకం నాది కాదు, మీది."

"అవును, నాదే," అన్నాడు.

మినహాయింపుల జాబితా తెరిచాడు. ఒక్కటే వరస. దాన్ని కొట్టేసి, ఆ గది వెతకమని వాచ్‌మన్‌కి చెప్పాడు. ఇన్నాళ్ళూ చాదస్తపు ముసలిదని తను వెక్కిరించిన వాచ్‌మనే ఇప్పుడు అక్కకి దిక్కు. అది నత్తనడక నడిచింది. యాభై ఏడుకి నలభై శాతం. యాభై తొమ్మిదికి ఎనభై. తొంభై మూడు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంది. డబుల్‌చెక్ పీల్చుకోలేదు.

పన్నెండు కొట్టడానికి ఒక్క సెకను ముందు తెరమీద ఎర్ర పెట్టె లేచింది. పేరు మార్చుకుని స్కానర్ సంచిలో దాక్కున్న ఫైలు ఒకటి దొరికింది, క్వారంటైన్‌లో పడింది. పన్నెండింటికి గడప దాటినవి: సున్నా.

"జ్వరం తగ్గింది," అన్నాడు కాలర్ మైకులో. "అంటించింది సెంటు మేడం."

ఆవిణ్ని తీసుకుపోయాక బాస్ వచ్చాడు. మినహాయింపు సంగతి రిపోర్టులో అక్కర్లేదులే అన్నాడు. డబుల్‌చెక్ మొదటి వాక్యమే అది రాశాడు. ఉద్యోగం ఉంటుందన్న ఆశ అతనికి లేదు. ఉండాలని కూడా అనిపించలేదు. గోడ మీద మూడు ఫొటోలు అలాగే ఉన్నాయి.

సాయంత్రం ఆరింటికి వచ్చెయ్యమని అక్కకు కబురు పెట్టారు. జవాబు వెంటనే వచ్చింది: "ముగ్గురు పోయారు. నేనూ వచ్చేస్తే ఇక్కడ ఎవరుంటారు? తాళాలు లాగి చూసుకోరా."

సర్వర్ రూంలో వాచ్‌మన్ మళ్ళీ పచ్చ టిక్కు పెట్టి, మూడు మంగళవారాలు చెప్పిన మాటే చెబుతోంది: మీ సిస్టమ్ సురక్షితం. డబుల్‌చెక్ బయటికొచ్చి తాళం వేశాడు. రెండుసార్లు లాగాడు. పేరుకు మచ్చ వస్తే రానీ అని, మూడోసారి కూడా లాగాడు.