నీలం డ్రమ్ము మీద ఎర్ర గీతలు

"ఇవి నున్నగా చేయమని ఎవురు చెప్పినారప్పా?"

బేతంచెర్లలో బండల పాలిష్ మిషన్ యజమాని కొడుకుని అడగకూడని ప్రశ్న అది. పరమేష్ చేతిలోని డబ్బాలో రూపాయి బిళ్ళంత రాతి ముక్కలు నలభై ఉన్నాయి. వాటికి పాలిష్ పట్టడానికి రెండు రోజులు కూర్చున్నాడు. శభాష్ అంటుందనుకుని తెచ్చాడు.

"పాలిష్ లేకుంటే అది బండెట్ల అవుతాది మేడమ్?"

"నేను ఇంటికి పరుచుకోను అడిగినానా? పగడాలు అతికించను అడిగినా. నున్నటి రాయి మీద పగడం పట్టు దొరక్క ఊడిపోతాది. గరుకుగా ఉండాల."

"పగడాలు ఉంగరంలో గదా పెట్టుకుంటారు?"

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. కోప్పడుతుందా, నవ్వుతుందా అర్థం కాలేదు. "లోపలికి రా" అని మాత్రం అంది.

ఆమె పేరు సుజన. ఊళ్ళో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తుంది. స్టేషన్ రోడ్డులో అవ్వ హనుమమ్మతో కలిసి అద్దెకుంటుంది. ఆ ఇంటి హాల్లో రెండొందల లీటర్ల గాజు తొట్టి ఉంది. అందులో ఊదా రంగువీ ఆకుపచ్చవీ పగడాలు పూలలాగా విచ్చుకుని మెల్లగా ఊగుతున్నాయి. వాటి మధ్య తెల్ల పట్టీల నారింజ రంగు చేపలు రెండు తిరుగుతున్నాయి. సముద్రం ఎటుపోయినా రెండొందల కిలోమీటర్ల పైమాటే. అదొచ్చి ఈ ఎండల ఊళ్ళో, ప్లాస్టిక్ కుర్చీల పక్కన కూర్చుంది.

"ఇదంతా ప్రాణముండేదేనా?" అన్నాడు పరమేష్.

"ప్రాణముండేదే. పగడం తన కింద రాయి తానే కట్టుకుంటాది. మీ బండ కూడా ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకుందే."

"మా బండా?"

"మీ బండే."

ఆ సాయంత్రం పరమేష్ మిషన్ దగ్గర లారీకెక్కుతున్న బండల్ని కొత్తగా చూశాడు. పుట్టినప్పటినుంచి తొక్కుతున్నవే అవి. బండ గురించి తనకు తెలియని మాట ఒక ఆడపిల్ల చెప్పిందని మొదట ఉడుక్కున్నాడు. తర్వాత ఆ మాటే తలుచుకుని రెండు రోజులు తనలో తాను నవ్వుకున్నాడు.

మరుసటి వారం గరుకు ముక్కలు తీసుకెళ్ళాడు. ఆ పైవారం తొట్టి కింద బండ సమంగా ఉందో లేదో చూడాలని వెళ్ళాడు. ఆ తర్వాత సాకు దొరకలేదు. గేటు దగ్గర తచ్చాడుతుంటే హనుమమ్మే ఆదుకుంది. "మజ్జిగ తాగి పోదువు రా నాయనా" అని పిలిచింది. హనుమమ్మది ఆదోని అవతల పల్లె. మనవరాలికి వండిపెట్టడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది.

సుజనకు తనంటే ఇష్టమో కాదో పరమేష్‌కి ఎంతకీ తేలలేదు. తనతో మాట్లాడేటప్పుడు నవ్వేది. కానీ అదే నవ్వు చేపల్ని చూసినప్పుడూ నవ్వేది.

మే నెలలో ఆమెకు కడపలో పదిహేను రోజుల ట్రైనింగ్ పడింది. తొట్టి బాధ్యత పరమేష్‌కి అప్పజెప్పింది.

"ఈ ఎండకు రోజుకు మూడు లీటర్లు ఆవిరైపోతాయి. నీళ్ళు ఈ గీత కిందికి దిగితే తెల్ల క్యాన్లో ఉండే మంచినీళ్ళు పోయాల. నీలం డ్రమ్ములో ఉండేవి ఉప్పు కలిపినవి. వాటి జోలికి పోవద్దు."

"సముద్రానికి ఉప్పు నీళ్ళు గదా పోయాల?"

"ఆవిరయ్యేది నీళ్ళప్పా, ఉప్పు కాదు. ఉప్పు ఈడనే ఉంటాది. మళ్ళా ఉప్పు నీళ్ళే పోస్తే ఉప్పు పెరుగుతా పోతాది. పగడాలు చస్తాయి."

బస్సెక్కేముందు బ్యాగు అందుకుంటూ ఇంకో మాట కూడా అంది. "నాలుగేండ్ల నుంచి పెంచుకుంటాండా. వేరే ఎవురికీ ఇచ్చిపోయేదాన్ని కాదు."

బస్సు వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం పరమేష్ దగ్గర ఉండిపోయింది. వేరే ఎవరికీ అంటే ఏమిటి? నమ్మకమా? అంతకంటే ఎక్కువా? తిరిగొచ్చేసరికి తొట్టి చెక్కుచెదరకుండా చూపించాలి, ఆ రోజే మనసులో మాట చెప్పెయ్యాలి అని గట్టిగా అనుకున్నాడు. తొట్టి పాడైతే ఇక ఆ గుమ్మం తొక్కే ముఖమే ఉండదు.

విచిత్రం రెండో రోజునుంచే మొదలైంది. నీళ్ళు తగ్గడం లేదు.

బయట నలభై రెండు డిగ్రీల ఎండ. కళ్ళాపి చల్లిన నీళ్ళు చూస్తుండగానే ఇగిరిపోతున్నాయి. తొట్టిలో నీళ్ళు మాత్రం సాయంత్రం అతను వచ్చేసరికి సరిగ్గా గీత దగ్గర ఉంటున్నాయి. పరమేష్ మొదట ఆశ్చర్యపోయాడు, తర్వాత తన చేతి చలవేమో అనుకుని మురిసిపోయాడు.

కడప నుంచి మెసేజ్ వచ్చేది. "గీత దగ్గరున్నాయా?"

"ఉన్నాయి మేడమ్."

"గుడ్."

ఒకరోజు అతను పంపిన ఫోటోకి ఎర్రటి హృదయం బొమ్మ పెట్టింది. ఆ ఫోటోలో పగడాలున్నాయి, చేపలున్నాయి, గాజులో నీడలాగా పరమేష్ ముఖం కూడా ఉంది. ఇంతకీ ఆ బొమ్మ ఎవరికి? అతను ఫోను పట్టుకుపోయి మిషన్ మీద పనిచేసే ఏసన్నకు చూపించాడు.

ఏసన్న ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. "చేపకేమో అనిపిస్తాంది. నీ మొగం సరిగ్గా పడలేదు గదప్పా."

"పడింది లే. ఈ మూల చూడు."

"అయితే నీకే. కాకుంటే చేపకు."

తొమ్మిదో రోజు ఆదివారం. పరమేష్ పొద్దున్నే వెళ్ళి చూస్తే పగడాలన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. ఊదా రంగు పెద్ద పగడం అంచు తెల్లగా పాలిపోయింది. చేపలు ఒక మూలకు చేరి కదలడం లేదు. అదే సమయానికి మెసేజ్ వచ్చింది: "ఫోటో పంపు."

చెప్పేస్తే బాగుండేది. కానీ ముందురోజు ఫోటో పంపాడు. "గుడ్" అని జవాబొచ్చింది.

అరలో ఉప్పు కొలిచే చిన్న గొట్టం కనబడింది. దాని డబ్బా మీద సుజన చేతిరాత ఉంది: "రెండు చుక్కలు వేసి వెలుతురులో చూడాలి. ముప్పై ఐదు ఉండాలి." పరమేష్ వేసి చూశాడు. నలభై ఒకటి ఉంది. తుడిచి మళ్ళీ చూసినా అంతే. తను ఒక్క చుక్క ఉప్పు నీళ్ళు కూడా పోయలేదు. అసలు ఏ నీళ్ళూ పోయలేదు. మరి ఉప్పెక్కడిది?

తల పగిలిపోతున్నా బండలవాడి బుద్ధి పనిచేసింది. యార్డులో ఎవరి బండ ఎంతో తేల్చుకోవడానికి ఎర్ర సుద్దతో గీత గీస్తారు. నీలం డ్రమ్ములో కర్ర ముంచి లోతు చూశాడు. బయట అదే ఎత్తున ఎర్ర గీత గీసి "ఆది" అని రాశాడు. సోమవారం కర్ర ముంచితే రెండు వేళ్ళు తగ్గింది. ఇంకో గీత గీసి "సోమ" అని రాశాడు. మంగళవారం పొద్దున మూడో గీత. ఎవరో రోజూ తోడుతున్నారు.

మంగళవారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వచ్చాడు. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల హనుమమ్మ నీలం డ్రమ్ములోంచి చెంబుతో ముంచి, కొంగుతో చెంబు అడుగు తుడిచి, ఎంతో భద్రంగా తొట్టిలో పోస్తోంది.

"అవ్వా! ఏం చేస్తాండావు?"

హనుమమ్మ ఉలిక్కిపడింది. తర్వాత నవ్వింది. "వెలితి కనబడితే నా చెయ్యి ఊరుకోదు నాయనా. మా ఊర్లో మూడు మైళ్ళు పోయి తెచ్చుకుంటాంటిమి నీళ్ళు. ఇంట్లో ఏ కుండా వెలితిగా ఉండగూడదని మా అత్త చెప్తాండె. నువ్వు ఎండన పడి వస్తాండావు. నీకీ పనన్నా తప్పిద్దామని నేనే పోస్తాండా."

"ఈ నీలం దాంట్లోవే ఏంటికి పోసినావు?"

"నాలిక మీద ఏసుకుని చూసినా గదా. తొట్టివీ, డ్రమ్మువీ ఒకటే రుచి. తెల్ల క్యానువి చప్పగుండాయి. చప్పటివి పోస్తే చేపలకు పడతాదా?"

పరమేష్ నెత్తిన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. సుజన తనకు చెప్పినదంతా మెల్లగా అవ్వకు చెప్పాడు. వింటూ వింటూ హనుమమ్మ ముఖంలో రంగు మారిపోయింది. ముడుచుకున్న పగడాల్ని చూసి చెంబు కింద పెట్టేసింది.

"నేను చంపినానా వాటిని?"

"ఇంకా చావలేదు లే అవ్వా."

"పిల్లకు చెప్పొద్దు నాయనా. పోయిన నెల పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయినా. ఇప్పుడిది. ముసిల్దానికి మతి పోయిందని ఊరికి పంపిస్తారు నన్ను."

పరమేష్ వీధిలోకొచ్చాడు. నిజం చెప్తే తన తప్పు లేదని తేలిపోతుంది. అవ్వ మాట పోతుంది. చెప్పకపోతే తన మాట పోతుంది, దాంతోపాటు ఇన్నాళ్ళుగా కట్టుకున్న ఆశ కూడా. అతనికి ఏడుపొచ్చింది. చివరికి ఫోను తీశాడు.

"మేడమ్, పగడాలు ముడుచుకుపోయినాయి. ఉప్పు నలభై ఒకటి ఉండాది. నేనే... డ్రమ్ములోవి పోసినా."

"నీకు చెప్పినా గదప్పా" అంది సుజన. అరిచి ఉంటే బాగుండేదనిపించింది పరమేష్‌కి. ఆమె అరవలేదు. "ఒకేసారి తగ్గించొద్దు, తట్టుకోలేవు. రోజుకు ఐదు లీటర్లు తీసేసి, ఐదు లీటర్లు తెల్ల క్యానువి పొయ్యి. రోంత రోంత పోయాల" అని చెప్పి పెట్టేసింది.

ఆ తర్వాత మెసేజుల్లో గుడ్ లేదు, ఎర్ర బొమ్మ లేదు. "ఎంత?" అని ఆమె అడిగేది. "నలభై" అని ఇతను రాసేవాడు. మర్నాడు మళ్ళీ "ఎంత?" "ముప్పై తొమ్మిది." ఆమె ట్రైనింగ్ మధ్యలో వదిలి పరిగెత్తుకు రాలేదు. వేరే మనిషిని పంపనూ లేదు. తిట్టనూ లేదు. ఇంత జరిగినా ఇంకా తన చేతిలోనే ఎందుకు ఉంచిందో పరమేష్‌కి అంతు చిక్కలేదు. మిషన్ పనంతా ఏసన్నకు వదిలేసి రెండుపూటలా తొట్టి దగ్గరే ఉన్నాడు. పక్కన హనుమమ్మ చేతులు కట్టుకుని, చెంబు ముట్టకుండా కూర్చునేది.

శనివారం "మైదుకూరు దాటినా" అని మెసేజొచ్చింది. సాయంత్రానికి మబ్బు పట్టింది. సుజన వచ్చింది. పరమేష్ వైపు చూడకుండా నేరుగా తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. పెద్ద పగడం అంచు చచ్చిపోయింది. మిగతావి సగం సగం విచ్చుకున్నాయి. అతను తెచ్చిన గరుకు రాళ్ళ మీది చిన్న పగడాలు మాత్రం అన్నీ బతికే ఉన్నాయి.

"ముప్పై ఏడు" అన్నాడు పరమేష్, ఆమె అడగకముందే.

సుజన లేచి డ్రమ్ములో ఎన్ని నీళ్ళున్నాయో చూడబోయి ఆగిపోయింది. వంగి ఎర్ర గీతల్ని వేలితో తాకింది. ఆది. సోమ. మంగళ.

"ఇవేంది?"

పరమేష్‌కి మూడు గీతలూ తుడిచెయ్యాలని నాలుగు రోజుల్లో ఒక్కసారన్నా తోచలేదు.

"నువ్వే పోసింటే, దొంగను పట్టను గీతలు ఎవురి కోసం గీసినావప్పా?"

వంటింటి గుమ్మంలోంచి హనుమమ్మ గొంతు వచ్చింది. "నేనే బిడ్డా. పిల్లోడు నా కోసరం నెత్తినేసుకున్యాడు. నన్ను ఊరికి పంపీ, వాన్ని మాత్రం ఏమనొద్దు."

సుజన పోయి అవ్వ భుజాల చుట్టూ చేతులేసింది. "నిన్ను పంపిస్తే నాకు సంగటి ఎవురు పెడతారే? చెంబు దాచిపెడతా గానీ నిన్ను పంపిస్తానా?" అంది. అవ్వ కళ్ళు తుడిచి పరమేష్ వైపు తిరిగింది. సుజన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

"అవ్వ కోసం చెప్పిన అబద్ధం సరే. ఆదివారం పాత ఫోటో ఏంటికి పంపినావు? చేపలు రెండూ ముందురోజు మాదిరే, అదే వంపున ఉండాయి. నాకు తెలీదనుకున్యావా? మంగళవారం దాకా నువ్వే చెప్తావని చూసినా."

"భయమేసింది."

"పగడాలు పోతాయనా?"

"పగడాల గురించి కాదు." పరమేష్ గొంతు సవరించుకున్నాడు. పదిహేను రోజులుగా బట్టీపట్టిన ఉపన్యాసం మొదలుపెట్టాడు. "సుజన గారూ, మన పరిచయం చిన్న రాతి ముక్కలతో మొదలైనా, నా హృదయాంతరాళాలలో..."

"పాలిష్ వద్దప్పా" అంది సుజన. "నున్నటి దాని మీద ఏదీ పట్టదని మొదటి దినమే చెప్పినా గదా. గరుకుగా చెప్పు."

"నువ్వంటే శానా ఇష్టం" అనేశాడు పరమేష్. "పెండ్లి చేసుకుందామా?"

సుజన ఈసారి నవ్విన నవ్వు చేపల్ని చూసి నవ్వేది కాదు. ఇంత స్పష్టంగా తేడా తెలుస్తుంటే ఇన్నాళ్ళు ఎలా తికమకపడ్డాడో పరమేష్‌కే అర్థం కాలేదు.

"వేరే ఎవురికీ ఇచ్చిపోయేదాన్ని కాదని బస్టాండులోనే చెప్పినా. పదైదు దినాలు పట్టిందా నీకు?"

"మరి ఆ ఎర్ర బొమ్మ? నాకా, చేపలకా?"

"ఫోటోలో ఎవురెవురుండారో అందరికీ" అంటూ ఆమె తల వంచుకుంది.

టపటపమని వాన మొదలైంది. హనుమమ్మ ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ పట్టుకుని వరండాలోకి పరుగెత్తింది. చూరు కింద వరసగా పెట్టి, కాసేపటికి నిండిన బిందె ఒకటి చంకనెత్తుకుని లోపలికి వచ్చింది. నేరుగా తొట్టి వైపు నడిచింది.

"అవ్వా!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

హనుమమ్మ ఆగింది. వాళ్ళ చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండడం చూసింది. చూడనట్టే పక్కకు తిరిగి, బిందె తెల్ల క్యాను పక్కన దించింది.

"పెండ్లి గురించి మీ నాయనతో నేను మాట్లాడతా లే" అంది పరమేష్‌తో, కొంగుతో మూతి తుడుచుకుంటూ. "ఇవి చప్పటివే. ఈసారీ రుచి చూసే తెచ్చినా."