ముందుగదిలో మామయ్య

పొద్దున ఆరున్నరకి పిచ్చుకని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి మార్చడంతో ఆ ఇంట్లో రోజు మొదలవుతుంది. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని తండ్రి ముద్దుగా పెట్టుకున్న పేరు అది. ఇప్పుడు ఆ పిచ్చుకకి పదమూడేళ్లు, ముప్పై నాలుగు కిలోలు. నడవలేదు, మాట రాదు. ఆ రోజు కూతురి చంకల కింద చేతులు వేసి లేపుతుంటే తల్లి నడుములో కలుక్కుమంది. పంటిబిగువున పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, గోడకి ఆనుకుని, కళ్లల్లో తిరిగిన నీళ్లు ఇంకేదాకా నిలబడింది.

ముందుగదిలో కుర్చీ కిర్రుమంది. మామయ్య లేచాడు. రెండడుగుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ కుర్చీ కిర్రుమంది.

ఎనిమిది నెలల క్రితం ఆయనే సాయానికొచ్చి పిల్లని ఎత్తబోయాడు. చెయ్యి జారింది. పిల్ల గడ్డం మంచం కోడుకి కొట్టుకుని మూడు కుట్లు పడ్డాయి.

"ఇంకెప్పుడూ దాన్ని ముట్టుకోకండి మామయ్యా!" అని అరిచింది ఆమె.

అప్పట్నుంచీ ముందుగదే ఆయన లోకం. పెట్టింది తింటాడు, కంచం తనే కడిగి బోర్లిస్తాడు. ఆయన కొడుకు, అంటే ఆమె భర్త, ఎక్కడో దూరంగా వంతెన కట్టే పనిలో ఉన్నాడు, నెలకోసారి వస్తాడు. రోజూ ఫోన్లో "అంతా బాగేనా?" అంటాడు. "బాగే" అంటుంది. అంతటితో అయిపోతుంది.

పిచ్చుకకి స్పూనుతో తినిపిస్తుంటే ముందుగదిలో ఫోన్ మోగింది. మామయ్య స్నానానికి వెళ్లాడు. ఆమే తీసింది.

"వృద్ధాశ్రమం నుంచండీ. పెద్దాయన అడిగిన మంచం ఖాళీ అయింది. సోమవారం వచ్చేయమని చెప్పండి."

ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మామయ్య భుజాన తువ్వాలుతో వచ్చి, ఆమె మొహం చూసి ఆగాడు.

"ఎవరు పొమ్మన్నారు మామయ్యా మిమ్మల్ని?"

"ఎవరూ అనలేదమ్మా."

"మరి నలుగురూ ఏమనుకుంటారు? కోడలు తరిమేసిందనేగా! మీ అబ్బాయికి తెలుసా?"

"వెళ్లాక చెబుదామనుకున్నా. నేను పోతే ఒక మనిషి వంట తగ్గుతుంది, ఒక మనిషి బట్టలు తగ్గుతాయి. నీకున్న చాకిరీ చాలదా?"

"మీరు బరువని నేనెప్పుడైనా అన్నానా?"

"అనలేదు." ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "అసలు ఏమీ అనలేదు. పొద్దున 'కాఫీ' అంటావు, మధ్యాహ్నం 'అన్నం' అంటావు. ముప్పై ఏళ్లు బస్సులో కండక్టరుగా వాగీ వాగీ బతికినవాణ్ణి. మొన్న నా గొంతు పనిచేస్తోందో లేదోనని టీవీలో వార్తలు చదివే అమ్మాయికి జవాబు చెప్పాను."

నవ్వు రావలసిన మాటే. ఆమెకి రాలేదు.

"నాతో మాత్రం ఎవరు మాట్లాడుతున్నారు మామయ్యా?" గొంతు పెరిగింది. "పోయిన వారం ఆస్పత్రిలో లిఫ్ట్ చెడిపోయింది. పిల్లని ఎత్తుకుని మెట్లెక్కుతూ మధ్యలో కూలబడ్డాను. ఇక లేవొద్దు, ఇద్దరం ఇక్కడితో అయిపోతే బాగుండుననిపించింది. జనం పక్కనుంచి ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఇంటికొచ్చి మీ గుమ్మం దాకా వచ్చాను. మీరు అటు తిరిగి కూర్చున్నారు. నా మీద కోపం పోలేదనుకున్నాను."

"కోపమా?" ఆయన తల అడ్డంగా ఊపాడు. "భయమమ్మా. దాని గడ్డం మీద మచ్చ చూస్తే నా చేతులు వణుకుతాయి."

లోపల పిచ్చుక మూలిగింది. కుర్చీలో కిందికి జారిపోతోంది. ఆమె పరుగెత్తింది, వంగబోయింది, నడుం పట్టేసింది.

"మామయ్యా, రండి."

"నేనా?"

"మోకాళ్లు వంచండి. నడుం వంచకండి. చెయ్యి ఇక్కడ పెట్టండి."

వణుకుతున్న ఆ చేతుల కింద తన చేతులు పెట్టింది. ఇద్దరూ కలిసి పిల్లని పైకి లాగారు. పిచ్చుక తాతని ఎగాదిగా చూసి కిలకిలా నవ్వింది.

"పది నిమిషాలు నడుం వాల్చమ్మా. నేనిక్కడే ఉంటా. ఏదైనా అయితే కేకేస్తా," అన్నాడాయన.

పక్కగదిలో వాలింది. కళ్లు తెరిచేసరికి గడియారం పన్నెండూ ముప్పావు చూపిస్తోంది. దిగ్గున లేచి పరుగెత్తుకొచ్చింది.

పిచ్చుక నిద్రపోతోంది. దాని చెంప కింద మామయ్య అరచెయ్యి ఉంది. తన కుర్చీ దగ్గరగా లాక్కుని, కదలకుండా కూర్చున్నాడు.

"ఆశ్రమం వాళ్లని ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాను," అన్నాడు గుసగుసగా. "అబ్బాయికీ ఫోన్ చేశా. మెట్ల సంగతి చెప్పేశాను, తిట్టుకుంటే తిట్టుకో. రేపు పొద్దున్నకల్లా వస్తాడు. ముందు నిన్ను డాక్టరుకి చూపిద్దాం."

"నన్ను లేపలేదేం మామయ్యా?"

"ఎందుకు లేపాలి?"

పదమూడేళ్లలో ఆ మాట ఆమెనెవరూ అడగలేదు. ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, పిల్ల లేవకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన రెండో చెయ్యి ఆమె తల మీద పెట్టాడు. ఆ ఏడుపు తెరిపిచ్చేదాకా ఆగాడు.

"చెప్పమ్మా," అన్నాడు. "ఇంకా ఏమేం జరిగాయి?"

ఆమె ముక్కు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది.