కన్వీనర్ పరదేశి

"తొక్కరా పరదేశీ... ఎల్లిపోతన్నాడు!"

బండి వెనక సీటు మీద కూర్చుని నరసమ్మ అరుస్తోంది. అరవడమే కాదు, పిడికిలితో అతని వీపు మీద గుద్దుతోంది.

చీకటి అప్పుడే పడింది. చోడవరం దాటి గోవాడ రోడ్డు. ముందు, కాస్త దూరంలో తెల్ల కారు. దాని ఎర్ర లైట్లు ఓసారి కనబడుతున్నాయి... ఓసారి చెరుకు ట్రాక్టర్ల వెనక మాయమవుతున్నాయి.

ఆ కారులో గోవిందరావు ఉన్నాడు!

జనతోడు మ్యూచువల్ బ్యాంక్ మేనేజర్ గోవిందరావు. ఎనిమిది నెలల క్రితం, ఓ సోమవారం పొద్దున్న షట్టర్‌కి తాళం పడింది. తాళం వేసినవాడు ఊళ్లో లేడు. పదకొండు వందల మంది డిపాజిటర్లు రోడ్డు మీద నిలబడ్డారు.

ఇవాళ అదే మనిషి బస్టాండ్ పక్కన, నరసమ్మ ఇడ్లీ బండి ముందునుంచే కారు నడుపుకుంటూ వెళ్లాడు. మొహానికి మాస్క్. అయినా ఆమె పోల్చేసింది. పక్కనే మోటారు సైకిలు ఆపుకుని టీ తాగుతున్న, తనని అక్క వరసతో 'అప్పా' అని పిలిచే పరదేశి వెనక ఎక్కి కూర్చుంది.

"ఆ కళ్లు నాకు తెల్దేటి? నాలుగు లచ్చలు కట్టిన్రోజు ఆడి ఎదురుగా కూకున్నాను!"

"కూర్చో అప్పా, సరిగ్గా కూర్చో."

"ఎస్సైగారికి ఫోన్ సేసేవా?"

"చేసేను. ఎత్తట్లేదు."

అబద్ధం! ఫోన్ అతని జేబులోంచి బయటికే రాలేదు.

యాక్సిలరేటర్ తిప్పుతున్నట్టు మణికట్టు ఆడిస్తున్నాడు. తిప్పడం లేదు.

గోవిందరావు దొరకకూడదు. దొరికితే నోరు విప్పుతాడు. విప్పితే... పరదేశి ఈ ఊళ్లో తలెత్తుకు తిరగలేడు!

పన్నెండేళ్లు ఆ బ్యాంకుకి కలెక్షన్ ఏజెంట్ అతను. ఇంటింటికీ తిరిగి డిపాజిట్లు కట్టించాడు. విశాఖలో కంపెనీ పనికెళ్లి నరసమ్మ మొగుడు పోతే పరిహారంగా నాలుగు లక్షలు వచ్చాయి. "మన బ్యాంకే కదప్పా, నేనున్నాను కదా" అని ఆ డబ్బు కట్టించింది కూడా అతనే.

బ్యాంకు మూతపడే ముందు శుక్రవారం. మేనేజర్ వెనక గదిలోకి పిలిచాడు.

"నీ డబ్బు ఇవాళే తీసేసుకో. ఎవరితోనూ అనకు."

ఆరు లక్షలు. సంచీలో అడుగున పెట్టి, పైన టిఫిన్ బాక్స్ పెట్టుకుని బయటికొచ్చాడు.

దారిలో నరసమ్మ ఎదురైంది.

"ఏటి తమ్ముడూ, అంత తొందర?"

"తలనొప్పిగా ఉందప్పా."

అంతే అన్నాడు. బ్యాంకు మూసే టైముకి ఇంకా గంట ఉంది. ఒక్క ముక్క చెబితే ఆమె నాలుగు లక్షలూ ఆమె చేతిలో ఉండేవి!

చెప్పలేదు.

తర్వాత బ్యాంకు ముందు టెంట్ వేశారు. ధర్నాలో అందరితోపాటు తనూ కూర్చున్నాడు. "నావీ ఆరు లక్షలు పోయేయి" అన్నాడు. నమ్మారు. డిపాజిటర్ల సంఘానికి కన్వీనర్‌ని చేశారు. పాపం, ఏజెంటు కూడా మునిగిపోయాడని నరసమ్మ వారం రోజులు వాళ్లింటికి ఇడ్లీలు పంపింది.

తిన్నాడు. ఆ ఇడ్లీలు కూడా తిన్నాడు.

"ఏట్రా నెమ్మదైపోయింది?"

పరదేశి ఇంజన్ ఆపేశాడు. బండి రోడ్డు పక్కన ఆగింది.

"పెట్రోల్ అయిపోయిందప్పా..."

నరసమ్మ తిట్టలేదు. కిందికి దిగింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది.

పరిగెత్తింది!

యాభై ఎనిమిదేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులు. నాలుగడుగుల్లో చెప్పులు ఊడిపోయాయి. ఆగలేదు. ఎదురొచ్చే ట్రాక్టర్ల వెలుతురులో చేతులు ఊపుతూ, ఉత్తికాళ్లతో, కారు వెనక పరిగెడుతోంది.

"ఆపండ్రా... బాబూ, ఆ కారు ఆపండ్రా!"

పరదేశి చూస్తున్నాడు. ఆమె తూలింది. మోకాలి మీద పడింది. లేచింది. మళ్లీ పరిగెత్తింది.



కిక్ కొట్టాడు. ఈసారి నిజంగానే తిప్పాడు!

"ఎక్కప్పా!"

"పెట్రోలూ..?"

"ఎక్కు!"

మలుపు తిరగగానే ఎర్రలైట్లు. కారు ఆగిపోయింది! ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ముందుకి దారి లేదు. వెనక లారీ.

కారు తలుపు తెరుచుకుంది. గోవిందరావు దిగాడు. వెనక్కి చూశాడు. గట్టు దిగి చెరుకుతోటలోకి దూకాడు!

పరదేశి బండి స్టాండ్ వేసి వెనకే దూకాడు.

చెరుకాకు మొహాన్ని కోస్తోంది. ముందు గడలు విరుగుతున్న చప్పుడు. ఎడమకి... కాదు, కుడికి! చెయ్యి చాచాడు. చొక్కా చిక్కింది. ఇద్దరూ మట్టిలో పడ్డారు.

"వదులు పరదేశీ!" గోవిందరావు రొప్పుతున్నాడు. "నీ డబ్బు దక్కింది ఎవరివల్ల?"

"నోర్ముయ్యండి సార్!"

"నీ ఓచర్ చింపేసేను. కంప్యూటర్లోనూ లేదు. నువ్వు తీసుకున్నట్టు నాకూ నీకూ తప్ప ఎవడికీ తెలీదు. వదిలేస్తే ఎప్పటికీ తెలీదు!"

పరదేశి వేళ్లు సడలాయి.

ఒక్క క్షణం... చేతులు తీసేస్తే చాలు. చీకట్లో తప్పించుకున్నాడని చెప్పొచ్చు.

గట్టు మీంచి గొంతు వినిపించింది.

"తమ్ముడూ! జాగర్త రా! ఆడి సేతిలో ఏటుందో ఏటో... నీకేటైనా అయితే నాను సూడలేన్రా!"

పరదేశి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గోవిందరావు కాలర్ బిగించి పట్టుకున్నాడు.

"ఇక్కడున్నాం అప్పా!"

సెల్‌ఫోన్ లైట్లు ఊగుతూ వచ్చాయి. నరసమ్మ, వెనక ముగ్గురు ట్రాక్టర్ డ్రైవర్లు. ఆమె రెండు చేతులతో మేనేజర్ కాలర్ అందుకుంది. మోకాలి దగ్గర చీర రక్తంతో తడిసింది.

డ్రైవర్లకి ఎవరు ఎవరో తెలియదు.

"ఎవులమ్మా ఈడు?"

"మా డబ్బులు మింగినోడు బాబూ! ఈ తమ్ముడే నేకపోతే దొరికీవోడే కాదు. ఆరు లచ్చలు పోగొట్టుకున్నోడు... అయినా మా అందరి కోసం తిరిగేడు. దేవుడిలాటోడు!"

గోవిందరావు పరదేశి వైపు చూశాడు. పెదవి చివర చిన్న నవ్వు.

పరదేశి ఆ నవ్వుని తట్టుకోలేకపోయాడు. ఆమె మాటని అసలే తట్టుకోలేకపోయాడు.

"నావి పోలేదప్పా."

"ఏటి?"

"నా ఆరు లక్షలూ పోలేదు. ముందు శుక్రవారమే తీసేసుకున్నాను. మూసేస్తారని నాకు తెలుసు. ఆ రోజు దారిలో కనబడ్డావు కదా... తలనొప్పన్నాను కదా... అప్పుడు సంచీలోనే ఉన్నాయి."



  నరసమ్మ చేతులు మేనేజర్ కాలర్ వదిలేశాయి.

పరదేశి చొక్కా పట్టుకున్నాయి!

"నా ఇడ్లీలు తిన్నావు కదరా..."

"అప్పా..."

"నా పక్కన కూకుని ఏడిసేవు కదరా!"

మూడు ఫోన్ల వెలుతురూ పరదేశి మొహం మీదికి తిరిగింది. డ్రైవర్లు నోళ్లు తెరుచుకుని అతన్నే చూస్తున్నారు.

ఆ వెలుగులోంచి, ఆమె భుజం మీదుగా పరదేశి చూశాడు. గోవిందరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు...

"అప్పా! ఆడు పారిపోతన్నాడు! వెనక్కి చూడు!"

చెంప ఛెళ్లుమంది!

"ఇంకా ఎన్ని అబద్దాలు సెప్తావురా?"

"నిజం అప్పా! బాబూ, పట్టుకోండి... నిజం!"

ఒక్కరు... ఒక్కరు కూడా తల తిప్పలేదు.

చెరుకాకు గలగలమంది. ఆగిపోయింది.

రోడ్డు మీద ఒక బండి స్టార్టయింది.

పరదేశి జేబు తడుముకున్నాడు. తాళం లేదు... బండికే ఉండిపోయింది!