అడగకుండా తెరిచిన కాయితం

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా రేపటి నుంచి నా నాలుకకు ఉప్పూ కారం తెలియకుండా పోవాలి. అనుమానముంటే పోయి ఉషారాణినే అడుగు బిడ్డా.

రెండువేల ఎనిమిది, శ్రావణమాసం. ములకలపల్లిలో ఉషారాణి కంప్యూటర్ కేంద్రం నడిపేది. కుల కాయితం, చావు కాయితం, ఏది కావాలన్నా ఖమ్మం సర్వర్ నుంచి తెప్పించి, అచ్చు తీసి ముద్ర వేసేది. ఆ ఇంటర్నెట్ ఎంత నిదానమంటే, ఒక నొక్కు నొక్కి పోయి పప్పు ఉడికించుకుని, తిని, కునుకు తీసి వచ్చినా తెర ఇంకా తెల్లగానే ఉండేది.

ఆ మధ్యాహ్నం మూడింటికే అడవి వైపు నుంచి మబ్బు దిగి, ఎవరి ముక్కు వాళ్ళకే కనిపించలేదు. తడిసిన చీరతో మంగ్లి వచ్చింది. ఆమె మొగుడు భీమ్లా నెల కిందటే పెద్దవాగులో మునిగి చచ్చిపోయాడు.

"చావు కాయితం అయిదింటిలోపు ఆఫీసుల పెట్టాలె అమ్మా. లేకుంటే రెండెకరాలు మా మరిది పేరు మీదికి పోతయి. పిల్లలను పట్టుకొని యాడికి పోవాలె?"

ఉషారాణి నక్క బొమ్మ బ్రౌజర్‌లో ఆ కాయితం తెరిచింది. తెలుగు అక్షరాలన్నీ డబ్బాలు డబ్బాలుగా విరిగిపోయాయి. నీలం బొమ్మ బ్రౌజర్‌లో ప్రయత్నిస్తే, 'తెరవాలా, దాచాలా?' అని అడిగింది. తెరువు అంటే మళ్ళీ అదే ప్రశ్న. వందసార్లు అడిగిందంటే తక్కువ చెప్పినట్టే.

కాయితాలు తెప్పించే ఆ ప్రోగ్రాం తయారుచేసిన జగదీష్‌కు ఖమ్మం ఫోన్ చేసింది.

"ఒక్కో బ్రౌజర్‌కు ఒక్కో బుద్ధి అక్కా. 'ప్రతిసారీ అడుగు' అన్న దగ్గర టిక్కు ఉంటది చూడు. తీసెయ్. అడగకుంటనే తెరుచుకుంటది."

తీసేసింది. తెరుచుకుంది.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మరణించిన స్థలం: పెద్దవాగు ఒడ్డు.

"ఒడ్డు కాదమ్మా," అంది మంగ్లి. "వాగు నడుమ బండ కాడ దొరికిండు."

ఉషారాణి మూసి మళ్ళీ తెరిచింది. మరణించిన స్థలం: తండా బాట.

"జగదీష్, నేను చూస్తుంటే నువ్వు మారుస్తున్నవేంది?"

"నేనేం ముట్టలే అక్కా. ఇక్కడ పెద్దవాగు అనే ఉంది. బ్రౌజర్ మారితే అక్షరాలు చెదురుతయి గానీ... చోటు మారదు."

గదిలోకి వాగు బురద వాసన వచ్చింది. కుళ్ళిన ఆకుల వాసన. ఉషారాణి మళ్ళీ నొక్కింది.

ములకలపల్లి బజారు.

వాన చప్పుడు ఆగిపోయింది. నీళ్ళలో అడుగులు... చప్... చప్...

కంప్యూటర్ కేంద్రం, గడప.

మంగ్లి గొంతు తగ్గించింది. "అడగకుంట తెరిచినవా అమ్మా? చావు జరిగినంక మా ఇంట్ల, ఎవరు పిలిచినా 'ఎవరు' అని మూడుసార్లు అడిగినంకనే తలుపు తీస్తం."

"ఆపెయ్యనా?"

గడియారంలో నాలుగున్నర. మంగ్లి గడప వైపు చూడలేదు.

"అచ్చు తియ్యి. బతికున్నప్పుడు పనికి రాలే. ఇప్పుడన్న అడ్డం రాకుంటే చాలు."

ప్రింటర్ మూలిగింది. కాయితం వచ్చింది. అందులో పెద్దవాగు అనే ఉంది. ముద్ర పడగానే మంగ్లి లేడిపిల్లలా పరుగెత్తింది. భూమి ఆమెకే దక్కింది. అందులో ఇప్పుడు ఒక్కో మిరపకాయ మూరెడు కాస్తోంది.

కానీ ప్రింటర్ ఆగలేదు. ఎవరూ చెప్పకుండానే రెండో కాయితం తీసింది. తడితడిగా. పేరు గడి ఖాళీ. తారీఖు గడి ఖాళీ. స్థలం ఒక్కటే నిండి ఉంది.

కుర్చీ వెనక.

ఉషారాణి తిరిగి చూడలేదు. ఆ కాయితం మడిచి తెచ్చి నా చేతిలో పెట్టింది. మర్నాడే కేంద్రానికి తాళం వేసింది.

ఇదిగో, పట్టుకో. రేపు ఖమ్మం పోతున్నవు గదా బిడ్డా, దీన్ని జగదీష్‌కు ఇచ్చి రా. టిక్కు తీయమన్నది వాడే గదా. దారిలో మాత్రం మడత విప్పకు... నిన్నటిదాకా ఆ గడిలో మన వీధి పేరు లేదు.