డార్సీ చెల్లెలు

ఆదివారం ఉదయం కహ్నవాకె అనే ఆదివాసీల ఊళ్లో అందరి ఇళ్లలోలాగే వెర్నా ఇంట్లోనూ మొక్కజొన్న రొట్టె నీళ్లలో ఉడుకుతోంది. సాయంత్రానికి ఊళ్లో మగవాళ్లలో చాలామంది కార్లెక్కి న్యూయార్క్‌లో ఎత్తైన భవనాలకి ఇనుప దూలాలు బిగించే పనికి వెళ్లిపోతారు. మళ్లీ శుక్రవారమే రావడం. వెర్నా భర్త లోరన్ మాత్రం రెండేళ్లుగా కదలడం లేదు. కొడుకు డార్సీ పదిహేడో అంతస్తు దూలం మీంచి జారి పడి చనిపోయిన రోజు నుంచి అతను మళ్లీ ఇనుము ముట్టలేదు.

ఇరవై రెండేళ్ల కూతురు కహెంతె వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, ఇనుప పనివాళ్ల యూనియన్ నుంచి నాకేమైనా ఉత్తరం వచ్చిందా?"

"రాలేదు," అంది వెర్నా, పొయ్యి వైపే చూస్తూ.

"పది రోజుల కిందటే పంపామంటున్నారు. ఫోన్ చేసి కనుక్కున్నాను. శిక్షణకి నన్ను తీసుకున్నారట. రేపు పొద్దున్నే హాజరవ్వాలి."

వెర్నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"పొయ్యిలో పడేశాను. ఇప్పుడేం చేస్తావు?"

"అమ్మా!"

"ఒకణ్ణి పెట్టెలో పెట్టి తెచ్చారు. మూత కూడా తియ్యనివ్వలేదు నన్ను. నువ్వూ అలాగే వస్తావా? నర్సు చదువు చదవమంటే చేదయిందా నీకు?"

"నాకిదే ఇష్టమమ్మా. నాలుగేళ్లు జీతమిస్తూ నేర్పుతారు. పగలు పని, సాయంత్రాలు తరగతులు. ఊరికే పైకెక్కించెయ్యరు."

"మీ అన్నకి పని రాకా? అంతా వచ్చు వాడికి. జాగ్రత్త ఒక్కటే లేదు. నువ్వు వాడికంటే మొండిదానివి!"

"వాణ్ణి ఆ మాట అనకు వెర్నా."

ఇద్దరూ తిరిగి చూశారు. లోరన్ గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అనకేం చెయ్యను? పడకుండా నడుముకి తాడు తగిలించుకోలేదని నువ్వే కదా చెప్పావు?"

"తగిలించుకున్నాడు. నా మాట మీద విప్పాడు."

లోరన్ గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు.

"ఆ రోజు ఇద్దరం పైనే ఉన్నాం. క్రేన్ మీద దూలం పైకి వచ్చేస్తోంది, అందుకోవాలి. వాడింకా తాడు ఒక కొక్కెం నుంచి ఇంకో కొక్కేనికి మార్చుకుంటున్నాడు. 'ఏంట్రా, పసిపిల్లాడిలా! నడిచి రా' అని అరిచాను. మా నాన్న నన్నలాగే అరిచేవాడు. వాడు నవ్వాడు వెర్నా. నవ్వి, తాడు వదిలేసి వచ్చాడు. నాలుగడుగులు..." లోరన్ కళ్లు తుడుచుకున్నాడు. "ముందు శిక్షణలో చేరతానన్నాడు వాడు. మనవాళ్లకి బడేమిట్రా అని నేనే వెక్కిరించి వెంట తీసుకుపోయాను. అక్కడ మొదటి రోజే తాడు తగిలించుకోవడం నేర్పుతారట. దీన్నైనా వెళ్లనివ్వు."

వెర్నా వచ్చి అతని గుండెల మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. మూడోసారి చెయ్యి లేవలేదు. రెండేళ్లుగా ఆమె తిట్టింది చచ్చిపోయిన కొడుకుని. వాడి సమాధి దగ్గర కూర్చుని కూడా "ఎందుకురా అంత నిర్లక్ష్యం, అమ్మ గుర్తు రాలేదా?" అని దెబ్బలాడింది. ఆ మాటలన్నీ ఇప్పుడు ఆమె మీదికే తిరగబడ్డాయి.

సాయంత్రం కహెంతె సంచి సర్దుకుని వచ్చి తల్లి ముందు నిలబడింది. వెర్నా ఆమె భుజాలు గట్టిగా పట్టుకుంది.

"ఎవరు తొందరపెట్టినా వినకు. నవ్వితే నవ్వనీ."

"వినను అమ్మా."

కహెంతె ఎక్కిన కారు వంతెన వైపు మలుపు తిరిగింది. లోరన్ కోటు తీసుకున్నాడు.

"కొన్నాళ్లు మా అక్క దగ్గర ఉంటాను. నా మొహం చూడలేవు నువ్వు."

"చూడలేను," అంది వెర్నా. "కానీ వాడి దగ్గరికి వెళ్లాలి నేను. ఇవాళ ఒక్కదాన్నే వెళ్లలేను. రా."

కొడుకుని పూడ్చిన రోజు తర్వాత రెండేళ్లలో లోరన్ ఒక్కసారి కూడా ఆ సమాధుల తోటలో అడుగుపెట్టలేదు. గేటు దగ్గర అతని కాళ్లు ఆగిపోయాయి. వెర్నా వెనక్కి వచ్చి అతని చెయ్యి పట్టుకుని నడిపించింది.

రాతి మీద కొడుకు పేరు తడుముతూ ఆమె అంది: "నిన్ను అన్యాయంగా తిట్టాను కన్నా. మీ నాన్న వచ్చాడు, చూడు."

లోరన్ మోకాళ్ల మీద కూలబడి గట్టిగా ఏడ్చాడు. వెర్నా అతని వీపు మీద చెయ్యి వేసి, తీయకుండా అలాగే ఉంచింది.