విశ్వకర్మ పూజ పెయింటు

“మళ్ళీ ఆపేసారా నా కంప్యూటర్ని?”

భ్రమరాంబ వచ్చే ఊపు చూసి, షెడ్డు గుమ్మంలో చాయ్ తాగుతున్న వెల్డర్లు గ్లాసులతో సహా పక్కకి తప్పుకున్నారు. ధర్సీవా రోడ్డులోని ఆ ఫ్యాక్టరీలో ఆమె కోపం తెలియనివాళ్ళు లేరు. తెలిసి కూడా తప్పుకోనివాడు ఒక్కడే, ప్లాస్మా మెషిన్ ఇన్‌ఛార్జి సూరిబాబు.

అతను నల్లద్దాలు నుదుటిమీదికి నెట్టి తీరిగ్గా నవ్వాడు.

“నేను ఇనుం కోస్తానండీ. కంప్యూటర్ల జోలికి పోను.”

“మీరు ఆ ఇనుం కోసే టార్చి వెలిగించిన ప్రతీసారీ నా స్క్రీను వణికి చచ్చిపోతంది. పొద్దుట్నించీ గీసిన డ్రాయింగంతా పోయింది!”

“మధ్యమధ్యలో సేవ్ చేసుకోవాలండి మరి.”

చెంప పగలగొట్టాలనిపించింది ఆమెకి. ఇంత పొగరున్నవాడికి అంత చక్కటి నవ్వెందుకిచ్చాడో దేవుడు! వానలో తడిసిన జుట్టు మొహానికి అంటుకుని సరిగ్గా కోప్పడనివ్వడం లేదు. దాన్ని విసురుగా వెనక్కి తోసుకుని వెళ్ళిపోయింది. వెళ్తున్నంతసేపూ అతను చూస్తూనే ఉన్నాడు.

ఆమె పని డ్రాయింగులు గీయడం. కంప్యూటర్లో గీసిన గీత కేబుల్ ద్వారా మెషిన్‌కి వెళుతుంది, మెషిన్ ఆ గీత ప్రకారం ప్లేటు కోస్తుంది. కొన్నాళ్ళుగా గీత ఒకటైతే కోత ఇంకొకటి అవుతోంది. మందపాటి ప్లేట్లు తుక్కులోకి పోతున్నాయి.

ఆ మధ్యాహ్నం ఫ్యాక్టరీ యజమాని సేఠ్‌జీ ఆమెని గదిలోకి పిలిచాడు.

“సూరిబాబు సే పూఛా మైనే. మెషిన్ ఠీక్ హై, బోలా. తో డ్రాయింగ్ హీ గలత్ హై నా? శనివార్ కే బాద్ మత్ ఆనా.”

మెషిన్ బాగానే ఉందట, తప్పంతా భ్రమరాంబ డ్రాయింగుదేనట, శనివారం తర్వాత రావద్దట. వాళ్ళ నాన్న జోగయ్య రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. ఆడపిల్లని ఫ్యాక్టరీకి పంపుతావా అని డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో ఉన్న చుట్టాలంతా ఎగబడితే, ఒక్కొక్కరితో తగువు పెట్టుకుని మరీ పంపాడు. ఇప్పుడు పని చేతకాక గెంటేశారంటే ఆయన తలెత్తుకోలేడు. ఆమెని మళ్ళీ ఏ ఉద్యోగానికీ గుమ్మం దాటనివ్వరు.

ఏడవలేదు. ఏడుపు ఇంటికెళ్ళాక చూసుకోవచ్చు. తిన్నగా షెడ్డుకి నడిచింది.

“ఈ రోగం ఎప్పట్నించి మొదలయిందండీ, సూరిబాబుగారూ?”

“పూజ అయిన దగ్గర్నుంచేమో.”

“విశ్వకర్మ పూజా? ఆ రోజేటి చేసారు మెషిన్ని?”

“ఊరంతా చేసేదే కదండీ. కడిగాం, పచ్చ పెయింటేశాం, బొట్టెట్టాం, కొబ్బరికాయ కొట్టాం.”

ఆమె మెషిన్ బల్ల చుట్టూ తిరిగింది. పండక్కి ముస్తాబైనట్టు నిగనిగలాడుతోంది. ఒక మూల బల్లకి బిగించిన లావుపాటి రాగి తీగ నేలలోకి దిగి ఉంది.

“ఈ తీగెందుకు?”

“అది ఎర్తింగండీ. టార్చి అంటుకునేటప్పుడు పుట్టే పిచ్చి కరెంటంతా భూమిలోకి పోవాలి కదా. పోకపోతే పక్కనున్న వైర్లలో దూరి…”

సూరిబాబు మాట మధ్యలో ఆగిపోయింది. నవ్వు కూడా పోయింది.

“తీగ ఊడదీసి పెయింటేసి, మళ్ళీ ఆ పెయింటు మీదే బిగించారా? పెయింటు అడ్డుంటే కరెంటెలా దిగుతుంది?”

అతను బోల్టు వైపు చూసి తలూపాడు. ఆమె రెంచి అందుకుని బోల్టు విప్పింది. విరిగిన హాక్సా బ్లేడు ముక్కతో పచ్చ పెయింటు గీకడం మొదలుపెట్టింది.

“అయ్యో, పూజకేసిన పెయింటండీ!”

“నోర్ముయ్!”

తెల్లగా ఇనుం బయటపడేదాకా గీకి, తీగ బిగించింది. “ఇప్పుడు వెలిగించు.”

టార్చి భగ్గుమంది. కిటికీ అద్దంలోంచి ఆఫీసులోని స్క్రీను కనిపిస్తోంది. గీతలు గీతల్లాగే ఉన్నాయి, చిన్న వణుకైనా లేదు.

సూరిబాబు టార్చి ఆర్పి తలదించుకున్నాడు. “నేనే చూసుకోవాల్సిందండీ. వెతకలేదు.”

“ఎందుకెతకలేదు?”

“కంప్యూటరు ఆగితేనే కదండీ, మీరు ఇటొచ్చేది.”

అది అర్థం కావడానికి ఆమెకి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది.

“నా నౌకరీ పోతంటే నీకు సరసంగా ఉందా? శనివారంతో మానెయ్యమన్నాడు సేఠు! మెషిన్ బాగుందని నువ్వు చెప్పిన ఒక్క మాటకి!”

అతని మొహం పాలిపోయింది. “ఒట్టండీ, నాకు తెలీదు.” గొడుగైనా లేకుండా వానలో సేఠ్‌జీ గదికి పరిగెత్తాడు.

సేఠ్‌జీ కేకలు గేటు దాకా వినిపించాయి. చాలాసేపటికి సూరిబాబు బయటికొచ్చాడు.

“మీరు ఎప్పట్లాగే రావచ్చండీ. నన్ను మళ్ళీ హెల్పర్ని చేసేశారు.”

“బాగా అయింది.”

“అయిందండీ.”

“పెద్ద త్యాగం చేసాననుకోకు. నువ్వు చేసిన తప్పు నువ్వు ఒప్పుకున్నావు, అంతే.”

“అంతేనండీ.”

అతను ఇలా ప్రతిదానికీ ఒప్పుకుంటుంటే ఆమెకి ఇంకా కోపం వచ్చింది. “ఇష్టమైతే ఇష్టమని చెప్పాలి. నోరు లేదా నీకు?”

“భయమండీ.”

“ఎవరంటే?”

“మీరంటేనే.”

వచ్చిన నవ్వుని ఆమె పళ్ళ బిగువున ఆపుకుంది. ఇప్పుడు నవ్వితే వీడు మళ్ళీ నెత్తికెక్కుతాడు.

“ఆదివారం మా ఇంటికి రా. మా నాన్నతో చెప్పు.”

“ఏమనండీ?”

“ముందు నీ తప్పు చెప్పు. చుట్టాలందరి ముందూ ఆయన పరువు తియ్యబోయావు కదా, గట్టిగా తిడతాడు. తిట్టించుకో. అప్పటికీ నోరు పెగిలితే, రెండోది అడుగు.”

“ఆయన కాదంటే?”

భ్రమరాంబ కొంగు దులుపుకుని ఆఫీసు వైపు తిరిగింది.

“అన్ని తిట్లూ తిని కూడా నువ్వు కదలకుండా నించుంటే, మా నాన్న సంగతి నేను చూసుకుంటాను.”